లినక్స్ ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ అప్‌డేట్లు, సౌండ్ సమస్యలు: తరచుగా అడిగే ప్రశ్నలు

"అప్‌డేట్ చేశాను, స్క్రీన్ పోయింది." "నిన్నటిదాకా పాటలు వచ్చాయి, ఇవాళ చప్పుడే లేదు." లినక్స్ వాడమని నేను చెప్పిన వాళ్ల దగ్గర్నుంచి ఎక్కువగా వినే మాటలు ఈ రెండే. ప్రతిసారీ విడిగా చెప్పే బదులు అన్నీ ఒకచోట పెడుతున్నాను. ఉబుంటు 24.04, లినక్స్ మింట్ 22 వాడేవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాశాను. కమాండ్లను పలికే తీరులో ఇచ్చాను. టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ చిన్న అక్షరాలు వాడండి, అడ్డగీతలు, అండర్‌స్కోర్లు ఉన్నవి ఉన్నట్టే కొట్టండి.

## అప్‌డేట్ చేయకముందు

నా ల్యాప్‌టాప్‌లో ఏ గ్రాఫిక్స్ కార్డు ఉందో ఎలా తెలుస్తుంది?

టెర్మినల్‌లో, అంటే కమాండ్లు టైప్ చేసే కిటికీలో, ఎల్‌ఎస్‌పీసీఐ అని కొట్టండి. వచ్చే జాబితాలో వీజీఏ, త్రీడీ, డిస్‌ప్లే అనే మాటలున్న లైన్లు చూడండి. ఇంటెల్ ఒక్కటే కనిపిస్తే, లేదా ఏఎండీ ఒక్కటే కనిపిస్తే మీకు సగం టెన్షన్ లేనట్టే. ఆ రెండిటి డ్రైవర్లు కెర్నల్‌లోనూ (హార్డ్‌వేర్‌ని నడిపే లినక్స్ మూలభాగం), మెసా అనే ప్యాకేజీలోనూ ముందే ఉంటాయి, మామూలు అప్‌డేట్లతో వచ్చేస్తాయి. విడిగా ఏదీ దించుకోనక్కర్లేదు. ఇంటెల్ లేదా ఏఎండీతో పాటు ఎన్విడియా కూడా కనిపిస్తే మీది రెండు గ్రాఫిక్స్ చిప్‌లున్న ల్యాప్‌టాప్. జాగ్రత్త ఎక్కువగా కావలసింది ఇలాంటి వాటికే.

ఎన్విడియా వెబ్‌సైట్ నుంచి డ్రైవర్ దించుకోవచ్చా?

వద్దు. విండోస్ అలవాటుతో చాలామంది చేసే పని ఇది. అక్కడ దొరికే డాట్ రన్ ఫైలు మీ సిస్టమ్ ప్యాకేజీల లెక్కలోకి రాదు. ఆ రోజుకి బాగానే పనిచేస్తుంది. కెర్నల్ మారిన రోజున కొత్త కెర్నల్‌కి తగ్గ మాడ్యూల్ (కెర్నల్‌లో కలిసి నడిచే డ్రైవర్ భాగం) తయారుకాక స్క్రీన్ నల్లబడే ప్రమాదం ఉంది. ఉబుంటులో అడిషనల్ డ్రైవర్స్, మింట్‌లో డ్రైవర్ మేనేజర్ తెరిచి, రికమెండెడ్ అని ఉన్నదాన్ని ఎంచుకోండి. ఇప్పటికే డాట్ రన్ ఫైలుతో వేసేసి ఉంటే సుడో ఎన్విడియా-అన్‌ఇన్‌స్టాల్ అనే కమాండ్‌తో దాన్ని తీసేసి, తర్వాత ఈ దారిలో వేసుకోండి.

డ్రైవర్ జాబితాలో 470, 535, ఓపెన్, సర్వర్ అని చాలా ఉన్నాయి. ఏది వేసుకోవాలి?

రికమెండెడ్ అన్నదే. అయినా అంకెల వెనక సంగతి తెలిస్తే మంచిది. పెద్ద అంకె ఉన్నది అందరికీ మంచిదనుకోవడం పొరపాటు. ఎన్విడియా పాత చిప్‌లను ఒక్కో తరంగా వదిలేస్తూ వస్తుంది. ఫెర్మీ తరానికి 390 ఆఖరి డ్రైవర్, దానికి కంపెనీ సపోర్టు 2022తో ఆగింది. కెప్లర్ తరానికి 470 ఆఖరిది. 940ఎంఎక్స్, ఎంఎక్స్150, జీటీఎక్స్ 1050 లాంటివి మన దగ్గర ఇంకా చాలా ల్యాప్‌టాప్‌లలో ఉన్నాయి. అవి మాక్స్‌వెల్, పాస్కల్ తరాలవి, వాటికి 580 ఆఖరిది.

ఓపెన్ అని ఉన్నది ఎన్విడియా 2022 మేలో సోర్సు కోడ్ బయటపెట్టిన కెర్నల్ మాడ్యూల్. అది ట్యూరింగ్, అంటే జీటీఎక్స్ 1650, ఆర్‌టీఎక్స్ 20 వరస నుంచి పైవాటికే పనిచేస్తుంది. ఆర్‌టీఎక్స్ 50 వరసకైతే అదొక్కటే దారి. సర్వర్ అని ఉన్నవి ల్యాప్‌టాప్ కోసం కావు. నూవో అన్నది ఎన్విడియాది కాదు, బయటి ప్రోగ్రామర్లు ఆ చిప్‌లను పరిశీలించి సొంతంగా రాసింది. వేగం తక్కువే కానీ, మిగతావేవీ పనిచేయనప్పుడు స్క్రీన్ చూపించే ఆపద్బాంధవి అది.

అప్‌డేట్ నొక్కేముందు ఏం జాగ్రత్త తీసుకోవాలి?

టైమ్‌షిఫ్ట్ అనే ప్రోగ్రామ్‌తో ఒక స్నాప్‌షాట్, అంటే సిస్టమ్ ఇప్పుడున్న స్థితికి ఒక కాపీ, తీసుకోండి. మింట్‌లో అది ముందే ఉంటుంది, ఉబుంటులో వేసుకోవాలి. మామూలు సెట్టింగ్‌లతో అది సిస్టమ్ ఫైళ్లను దాస్తుంది. మీ ఫొటోలను, డాక్యుమెంట్లను దాయదు, వాటికి విడిగా కాపీ ఉండాలి. ఛార్జర్ పెట్టే అప్‌డేట్ చేయండి, కరెంటు పోయినా గంటసేపు నడిచేంత బ్యాటరీ ఉండాలి. ఇక రేపు పొద్దున పరీక్షో ఇంటర్వ్యూనో ఉంటే ఈ రాత్రి అప్‌డేట్ జోలికి వెళ్లకండి. రెండు రోజులు ఆగితే నష్టమేమీ లేదు.

## అప్‌డేట్ జరుగుతుండగా

మధ్యలో ల్యాప్‌టాప్ ఆగిపోయింది. మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకోవాలా?

అక్కర్లేదు. ప్యాకేజీలు సగం సగంగా ఆగి ఉంటాయి, వాటిని పూర్తి చేస్తే చాలు. టెర్మినల్‌లో సుడో డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ అని కొట్టండి, అది అయ్యాక సుడో ఏపీటీ -ఎఫ్ ఇన్‌స్టాల్ అని కొట్టండి. డెస్క్‌టాప్ రాకపోతే కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కితే నల్ల తెర మీద లాగిన్ వస్తుంది, అక్కడా ఇవే కమాండ్లు పనిచేస్తాయి. వైఫై కూడా పోయి ఉంటే ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి టెథరింగ్ ఆన్ చేయండి, దాదాపు ఎప్పుడూ పనిచేస్తుంది.

డ్రైవర్ వేస్తుంటే పాస్‌వర్డ్ పెట్టమంది, రీస్టార్ట్ చేస్తే నీలం స్క్రీన్ వచ్చింది. వైరసా?

వైరస్ కాదు, నమ్మకమైన సంతకం లేని డ్రైవర్లను అడ్డుకునే సెక్యూర్ బూట్ చేసే తనిఖీ. మీ కంప్యూటర్‌లోనే తయారైన డ్రైవర్ మాడ్యూల్‌కి మీ కంప్యూటరే ఒక సంతకం పెడుతుంది, ఆ సంతకాన్ని నమ్మమంటారా అని బూట్ అయ్యేటప్పుడు నడిచే మోక్ మేనేజర్ అనే చిన్న ప్రోగ్రామ్ అడుగుతోంది. ఎన్‌రోల్ మోక్ ఎంచుకోండి, తర్వాత కంటిన్యూ, యెస్, ఇందాక పెట్టిన పాస్‌వర్డ్, రీబూట్. అంతే.

అయితే ఆ స్క్రీన్ కొన్ని సెకన్లే ఆగుతుంది. టీ తాగడానికి వెళ్లొస్తే అది దాటిపోయి, డ్రైవర్ ఉన్నా లోడ్ అవని పరిస్థితి వస్తుంది. అప్పుడు సుడో అప్‌డేట్-సెక్యూర్‌బూట్-పాలసీ --ఎన్‌రోల్-కీ అని కొట్టి, కొత్త పాస్‌వర్డ్ ఇచ్చి, రీస్టార్ట్ చేసి, ఈసారి కుర్చీలోంచి లేవకుండా చూడండి. ఈ గొడవంతా ఎందుకని బయాస్‌లో సెక్యూర్ బూట్ ఆపేసేవాళ్లున్నారు. పక్కనే విండోస్ ఉండి, దానికి బిట్‌లాకర్ (డిస్కుకి వేసే తాళం) ఉంటే, ఆపేశాక విండోస్ 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. ఆ కీ చేతిలో లేకుండా ఆ పని చేయకండి.

## స్క్రీన్ రానప్పుడు

అప్‌డేట్ చేశాక స్క్రీన్ నల్లగా ఉండిపోయింది. అంతా పోయినట్టేనా?

ఏమీ పోలేదు. మీ ఫైళ్లు డిస్కులో ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి, తెర మీద బొమ్మ గీసే భాగం మాత్రమే లేవలేదు. కొత్త కెర్నల్ వచ్చినప్పుడు ఉబుంటు, మింట్ పాత కెర్నల్‌ని వెంటనే తీసేయవు. మనకు దారి అక్కడే ఉంది.

ల్యాప్‌టాప్ ఆపి మళ్లీ ఆన్ చేయండి. కంపెనీ లోగో పోగానే ఎస్కేప్ ఒకసారి నొక్కండి. పాత ల్యాప్‌టాప్‌లైతే షిఫ్ట్ నొక్కి పట్టుకోండి. ఏ కెర్నల్‌తో లేవాలో ఎంచుకునే గ్రబ్ మెనూ వస్తుంది. ఎస్కేప్ ఎక్కువసార్లు నొక్కితే మెనూ బదులు గ్రబ్ అనే ఖాళీ ప్రాంప్ట్ వస్తుంది, అప్పుడు మళ్లీ రీస్టార్ట్ చేయడమే. మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి, పైనుంచి రెండో కెర్నల్‌ని, రికవరీ మోడ్ అని లేనిదాన్ని ఎంచుకోండి. డెస్క్‌టాప్ వచ్చేస్తే తప్పు కొత్త కెర్నల్‌కి డ్రైవర్ కుదరకపోవడంలో ఉందని తేలిపోయినట్టే. ఆ పాత కెర్నల్‌తోనే రెండు మూడు రోజులు పని చేసుకున్నా ఇబ్బంది లేదు. ముందు పని కానివ్వండి, మరమ్మతు తర్వాత చూసుకోవచ్చు.

పాత కెర్నల్‌తో వస్తోంది, కొత్తదానితో రావట్లేదు. ఎలా సరిచేయాలి?

డీకేఎంఎస్ స్టేటస్ అని కొట్టి చూడండి. కెర్నల్ మారినప్పుడల్లా బయటి డ్రైవర్లను దానికి తగ్గట్టు మళ్లీ తయారుచేసేది డీకేఎంఎస్. జాబితాలో ఎన్విడియా పక్కన పాత కెర్నల్ అంకె మాత్రమే ఉండి కొత్తది లేకపోతే ఆ తయారీ ఆగిపోయిందన్నమాట. నేను ఎక్కువగా చూసిన కారణం కెర్నల్ హెడర్లు (ఆ తయారీకి కావలసిన ఫైళ్లు) లేకపోవడం. ఉబుంటులోనైతే లినక్స్-హెడర్స్-జెనెరిక్ ప్యాకేజీ వేయండి. అయితే 24.04లో తర్వాత వచ్చిన కెర్నళ్లు, ఉదాహరణకు 6.8 తర్వాత 6.11, 6.14, హెచ్‌డబ్ల్యూఈ అనే వరసలో వస్తాయి, వాటికి హెడర్ల ప్యాకేజీ పేరు చివర హెచ్‌డబ్ల్యూఈ-24.04 అని ఉంటుంది.

డీకేఎంఎస్ జాబితాలో ఎన్విడియా అసలే లేకపోతే మీది ఉబుంటు ముందే తయారుచేసి, సంతకం పెట్టి పంపే మాడ్యూల్. అప్పుడు సుడో ఉబుంటు-డ్రైవర్స్ ఇన్‌స్టాల్ అని కొడితే సరిపోయే జత వచ్చి కూర్చుంటుంది.

పాత కెర్నల్‌తోనూ రావట్లేదు. ఇప్పుడెలా?

గ్రబ్ మెనూలో మొదటి వరస మీద ఉండి, కీబోర్డ్‌లో ‘ఈ’ అనే ఇంగ్లిష్ అక్షరం మీట నొక్కండి. లినక్స్ అనే మాటతో మొదలయ్యే లైన్ చివర, క్వైట్ స్ప్లాష్ తర్వాత, ఖాళీ వదిలి నోమోడ్‌సెట్ అని చేర్చి ఎఫ్10 నొక్కండి. డెస్క్‌టాప్ పెద్ద పెద్ద అక్షరాలతో, నెమ్మదిగా వస్తుంది. అయినా చాలు. డ్రైవర్ మేనేజర్ తెరిచి నూవోకి మారండి, లేదా టైమ్‌షిఫ్ట్‌లో పాత స్నాప్‌షాట్‌కి వెళ్లండి.

నోమోడ్‌సెట్ ఆ ఒక్క బూట్‌కే వర్తిస్తుంది. శాశ్వతంగా పెట్టమని కొన్ని పాత సలహాలుంటాయి, వినకండి. దానితో గ్రాఫిక్స్ వేగం పోతుంది, బ్రైట్‌నెస్ మీటలు పనిచేయకపోవచ్చు. కొన్ని ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో సౌండ్ కూడా పోతుంది, ఎందుకంటే అక్కడ సౌండ్ డ్రైవర్ హెచ్‌డీఎంఐ భాగం కోసం గ్రాఫిక్స్ డ్రైవర్ లేచేదాకా ఎదురుచూస్తుంది. సౌండ్ పోయిందని వారం రోజులు వెతికిన ఒకరి ల్యాప్‌టాప్‌లో చివరికి దొరికింది ఈ ఒక్క మాటే.

షాపులో ఫార్మాట్ కొట్టేయడమే దారి అంటున్నారు. నిజమేనా?

కాదు. ఇది చెప్పడానికే నేను ఈ పేజీ మొదలుపెట్టాను. మా పెద్దమ్మ కొడుకు ఎంటెక్ చివరి ఏడాదిలో ఉండగా ఇలాగే నల్ల తెర వచ్చింది. నాకు ఫోన్ చేసేలోపే ఒక రిపేర్ షాపులో ఇచ్చేశాడు. సాయంత్రానికి విండోస్‌తో శుభ్రమైన ల్యాప్‌టాప్ తిరిగొచ్చింది, ఆరు నెలల ప్రాజెక్టు పోయింది. పాత కెర్నల్ ఎంచుకుంటే రెండు నిమిషాల్లో తేలిపోయేది.

ఏం చేసినా డెస్క్‌టాప్ రాకపోతే లైవ్ యూఎస్‌బీతో, అంటే ఇన్‌స్టాల్ చేయకుండానే లినక్స్ నడిపే పెన్‌డ్రైవ్‌తో, బూట్ చేయండి. ఇన్‌స్టాల్ నొక్కకుండా ట్రై అని ఉన్నది ఎంచుకోండి. ఫైల్ మేనేజర్‌లో మీ డిస్కు తెరిచి కావలసినవన్నీ వేరే డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. ఎన్‌క్రిప్ట్ చేసుకుని ఉంటే పాస్‌వర్డ్ అడుగుతుంది. ఆ తర్వాత ఎవరేమి చేసినా గుండె దడ ఉండదు.

## స్క్రీన్ వచ్చింది, కానీ...

డ్రైవర్ స్థితి చూద్దామని ఎన్విడియా-ఎస్‌ఎంఐ కొడితే వెర్షన్ మిస్‌మ్యాచ్ అంటోంది. పాడైందా?

రీస్టార్ట్ చేయండి, పోతుంది. అప్‌డేట్‌తో లైబ్రరీ ఫైళ్లు కొత్తవి వచ్చాయి, మెమరీలో నడుస్తున్న మాడ్యూల్ మాత్రం పొద్దున్నటిదే. రెండూ ఒకే అంకె మీద లేవని అది చెబుతోంది.

అంతా నెమ్మదిగా ఉంది, ఫ్యాన్ ఆగకుండా తిరుగుతోంది. ఎందుకు?

సెట్టింగ్స్‌లో సిస్టమ్ వివరాలు తెరిచి గ్రాఫిక్స్ దగ్గర ఏముందో చూడండి. ఎల్‌ఎల్‌వీఎం పైప్ అని ఉంటే గ్రాఫిక్స్ చిప్ పనిచేయడం లేదు, బొమ్మలన్నీ ప్రాసెసరే గీస్తోంది. నోమోడ్‌సెట్ బూట్ లైన్‌లో మిగిలిపోయిందేమో చూసి తీసేయండి. అది లేకపోతే ఫర్మ్‌వేర్ (చిప్‌లోకి ఎక్కే చిన్న ప్రోగ్రామ్) పాతదై ఉండవచ్చు. కొత్తగా మార్కెట్లోకి వచ్చిన ల్యాప్‌టాప్‌లకు లినక్స్-ఫర్మ్‌వేర్ ప్యాకేజీ, కెర్నల్ రెండూ కొత్తవి కావాలి.

స్క్రీన్ మినుకుమినుకుమంటోంది, ఏం చేయాలి?

ఉబుంటు 24.04లో లాగిన్ దగ్గర పేరు నొక్కాక, కింద కుడి మూలన పళ్ల చక్రం గుర్తు వస్తుంది. అందులో ఉబుంటు ఆన్ జార్గ్ ఎంచుకుని చూడండి. జార్గ్, వేల్యాండ్ అనేవి తెర మీద కిటికీలు చూపించే రెండు పద్ధతులు, వాటిలో జార్గ్ పాతది. దానికి మారాక మినుకుమనడం ఆగిపోతే గొడవ వేల్యాండ్‌కీ ఎన్విడియాకీ మధ్య ఉన్నది. 2024లో వచ్చిన 555 వరస నుంచి ఎన్విడియా ఈ మినుకును తగ్గించే ఎక్స్‌ప్లిసిట్ సింక్ అనే పద్ధతిని తెచ్చింది. అంతకంటే పాత డ్రైవర్ మీద ఉంటే, మీ చిప్‌కి కొత్తది పనిచేస్తుందనుకుంటే, మారి చూడండి.

ప్రొజెక్టర్ పెడితే బొమ్మ రావట్లేదు. ఇంతకుముందు వచ్చేది.

బ్యాటరీ ఆదా కోసం ప్రైమ్-సెలెక్ట్‌తో, అంటే రెండు చిప్‌లలో ఏది నడవాలో ఎంచుకునే కమాండ్‌తో, ఇంటెల్ మోడ్‌కి మార్చారా? చాలా ల్యాప్‌టాప్‌లలో హెచ్‌డీఎంఐ పోర్టు తీగ నేరుగా ఎన్విడియా చిప్‌కే కలిసి ఉంటుంది. ఆ చిప్‌ని ఆపేస్తే పోర్టూ పోతుంది. సుడో ప్రైమ్-సెలెక్ట్ ఆన్-డిమాండ్ అని కొట్టి రీస్టార్ట్ చేయండి. పాఠాలు చెప్పేవాళ్లు, సెమినార్లకు వెళ్లేవాళ్లు ఇది ముందురోజే చూసుకోండి.

## సౌండ్ అసలు రానప్పుడు

గ్రాఫిక్స్ డ్రైవర్ వేస్తే సౌండ్ పోయింది. రెండిటికీ సంబంధమేంటి?

సంబంధం ఉంది. గ్రాఫిక్స్ చిప్‌లో టీవీకి శబ్దం పంపే భాగం కూడా ఉంటుంది. కొత్త డ్రైవర్ రాగానే అది రెండో సౌండ్ కార్డుగా లేస్తుంది, సిస్టమ్ ఒక్కోసారి దాన్నే ముఖ్యమైనదిగా ఎంచుకుంటుంది. పాట మోగుతూనే ఉంటుంది, కాకపోతే హెచ్‌డీఎంఐ వైపు, అక్కడ వినడానికి ఏమీ లేదు. సౌండ్ సెట్టింగ్స్‌లో అవుట్‌పుట్ దగ్గర స్పీకర్స్ ఎంచుకోండి. అది కనిపించకపోతే పావుకంట్రోల్ అనే చిన్న ప్రోగ్రామ్ వేసి, కాన్ఫిగరేషన్ ట్యాబ్‌లో ల్యాప్‌టాప్ సొంత కార్డుకి ప్రొఫైల్ ఆఫ్‌లో ఉందేమో చూడండి.

అవుట్‌పుట్ దగ్గర డమ్మీ అవుట్‌పుట్ అని మాత్రమే ఉంది. కార్డు కాలిపోయిందా?

కాలిపోవడం చాలా అరుదు. సిస్టమ్‌కి ఒక్క సౌండ్ కార్డు కూడా కనిపించలేదని దానర్థం. పక్కన విండోస్ ఉంటే ముందు అక్కడ ఫాస్ట్ స్టార్టప్ ఆపేయండి. అది ఉన్నంతకాలం విండోస్ షట్‌డౌన్ అంటే సగం నిద్రే, ఆ స్థితిలో వదిలిన చిప్‌ని లినక్స్ లేపలేకపోవచ్చు. తర్వాత రీస్టార్ట్ కాకుండా పూర్తిగా షట్‌డౌన్ చేసి, అర నిమిషం ఆగి ఆన్ చేయండి.

అప్పటికీ రాకపోతే పాత కెర్నల్‌తో బూట్ చేసి చూడండి. అక్కడ వస్తే, ఉబుంటులో కొత్త కెర్నల్‌కి సంబంధించిన లినక్స్-మాడ్యూల్స్-ఎక్స్‌ట్రా ప్యాకేజీ ఉందో లేదో వెతకండి. సౌండ్ డ్రైవర్లు ఉండేది అందులోనే. అది లేకుండా కెర్నల్ ఒక్కటే వచ్చి కూర్చుంటే సౌండ్‌తో పాటు వైఫై కూడా పోవచ్చు.

ఏ కెర్నల్‌లోనూ రాకపోతే, కెర్నల్ సందేశాలు చూపించే సుడో డీఎంఈఎస్‌జీ కొట్టి, సోఫ్ అనే మూడక్షరాల మాట, అంటే ఎస్ఓఎఫ్, ఉన్న లైన్లలో ఫెయిల్డ్ అని ఉందేమో చూడండి. కొన్నేళ్లుగా ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో శబ్దం నడిపేది సౌండ్ ఓపెన్ ఫర్మ్‌వేర్. ఇంటెల్ దీన్ని 2018లో బయటపెట్టింది. డ్రైవర్ ఉన్నా ఈ ఫర్మ్‌వేర్ ఫైలు దొరకకపోతే కార్డు లేవదు. ఫర్మ్‌వేర్-సోఫ్-సైన్డ్ ప్యాకేజీ వేసి రీస్టార్ట్ చేయండి.

కార్డు కనిపిస్తోంది, వాల్యూమ్ నిండా ఉంది, అయినా నిశ్శబ్దమే.

టెర్మినల్‌లో ఆల్సామిక్సర్ తెరవండి. ఎఫ్6 నొక్కి మీ అసలు కార్డు ఎంచుకోండి. కడ్డీల కింద ఎంఎం అని ఉంటే మ్యూట్ అయినట్టు. దాని మీదకి వెళ్లి ఎం నొక్కితే తెరుచుకుంటుంది. మాస్టర్, స్పీకర్, హెడ్‌ఫోన్ మూడూ చూడండి. ఆటో-మ్యూట్ మోడ్ అని ఒకటి ఉంటుంది. జాక్ లోపల దుమ్ము చేరి, ఇయర్‌ఫోన్ లేకపోయినా ఉన్నట్టే అనిపిస్తే అది స్పీకర్లను నోరు మూయిస్తుంది. డిసేబుల్డ్ చేసి చూడండి.

పల్స్‌ఆడియోని తీసేసి మళ్లీ వేయమని ఒక పాత సలహా ఉంది. చేయనా?

చేయకండి. ఉబుంటు 22.10 నుంచి, మింట్ 22 నుంచి శబ్దాన్ని పంచేది పైప్‌వైర్. పాత సలహాలు పల్స్‌ఆడియో కాలంవి. వాటి ప్రకారం ప్యాకేజీలు తీసి పెడితే రెండూ ఒకదానికొకటి అడ్డుపడతాయి. సిస్టమ్‌సీటీఎల్ --యూజర్ రీస్టార్ట్ పైప్‌వైర్ పైప్‌వైర్-పల్స్ వైర్‌ప్లంబర్ అని కొడితే అదే పని భద్రంగా అవుతుంది. ముందు సుడో పెట్టకండి, ఈ సర్వీసులు మీ సొంత లాగిన్ కింద నడిచేవి.

## సౌండ్ వస్తోంది, కానీ...

విండోస్‌లో గట్టిగా వినిపించే స్పీకర్లు ఇక్కడ రేకు డబ్బాలా మోగుతున్నాయి.

దీనికి రెండు కారణాలుంటాయి. మొదటిది, విండోస్‌లో డాల్బీ లాంటి సాఫ్ట్‌వేర్ శబ్దాన్ని దిద్ది, బరువు పెంచి పంపుతుంది. ఆ దిద్దుబాటు ఇక్కడ లేదు. ఈజీఎఫెక్ట్స్ వేసుకుని ఈక్వలైజర్ సర్దుకుంటే చాలావరకు తేరుకుంటుంది. ఉబుంటు సౌండ్ సెట్టింగ్స్‌లో ఓవర్-యాంప్లిఫికేషన్ కూడా ఉంది, కానీ చిన్న స్పీకర్లను 150 శాతంలో గంటల తరబడి మోగించడం నాకు ఇష్టం ఉండదు.

రెండోది కాస్త కష్టమైనది. కొత్త ల్యాప్‌టాప్‌లలో స్పీకర్ల దగ్గర సిరస్ లాజిక్ సీఎస్35ఎల్41, టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ టీఏఎస్2781 లాంటి స్మార్ట్ యాంప్లిఫయర్లు పెడుతున్నారు. ప్రతి మోడల్‌కీ వాటి అమరిక వేరు. ఆ మోడల్ వివరం కెర్నల్‌లోకి ఎక్కేదాకా సన్నటి స్పీకర్లు మోగి, బేస్ స్పీకర్లు మౌనంగా ఉంటాయి. సెట్టింగ్‌లతో గంటలు పోగొట్టుకోకండి. దీనికి మందు కొత్త కెర్నల్, కొత్త ఫర్మ్‌వేరే.

పాట మొదలైనప్పుడల్లా టప్‌మని శబ్దం వస్తోంది.

కొన్ని సెకన్లు శబ్దం లేకపోతే చిప్ నిద్రపోతుంది, లేచినప్పుడు ఆ టప్ వినిపిస్తుంది. డ్రైవర్ల సెట్టింగ్‌లు ఉండే మోడ్‌ప్రోబ్.డి ఫోల్డర్‌లో చిన్న ఫైలు పెట్టి, అందులో ఆప్షన్స్ ఎస్‌ఎన్‌డీ_హెచ్‌డీఏ_ఇంటెల్ పవర్_సేవ్=0 అని ఒక్క లైన్ రాసి రీస్టార్ట్ చేయండి. బ్యాటరీ మీద భారం కొద్దిగానే.

మీటింగ్‌లో చేరగానే బ్లూటూత్ హెడ్‌సెట్ శబ్దం పాత ల్యాండ్‌లైన్‌లా అయిపోతోంది.

హెడ్‌సెట్ మైకు వాడటం మొదలవగానే బ్లూటూత్ పాటల ప్రొఫైల్ వదిలి కాల్స్ ప్రొఫైల్‌లోకి మారుతుంది, నాణ్యత అందుకే పడిపోతుంది. ఇన్‌పుట్ దగ్గర ల్యాప్‌టాప్ సొంత మైకు ఎంచుకోండి, అవుట్‌పుట్ హెడ్‌సెట్‌లోనే ఉంచండి. అవతలివాళ్లకు మీ గొంతు కూడా ఇంకా బాగా వినిపిస్తుంది.

స్పీకర్లు బాగున్నాయి, మైకు మాత్రం జాబితాలోనే లేదు.

ఎప్పుడో సౌండ్ రాలేదని డీఎస్‌పీ_డ్రైవర్=1 అనే లైన్ మోడ్‌ప్రోబ్.డి ఫోల్డర్‌లో పెట్టారేమో వెతకండి. అది పాత పద్ధతి డ్రైవర్‌ని బలవంతంగా వాడిస్తుంది. స్పీకర్లు పలుకుతాయి కానీ స్క్రీన్ అంచున ఉండే డిజిటల్ మైకులు ఆ డ్రైవర్‌కి కనిపించవు. ఆ లైన్ తీసేసి రీస్టార్ట్ చేయండి.

## ఎవరినైనా అడిగేముందు

సాయం అడగాలంటే ఏ వివరాలు ఇవ్వాలి?

"సౌండ్ రావట్లేదు, హెల్ప్" అంటే జవాబివ్వగలిగిన వాళ్లకు కూడా చేతులు కట్టేసినట్టే. ఇన్‌క్సీ -ఎఫ్‌ఎక్స్‌ఎక్స్‌జెడ్ అని కొట్టండి, ఎఫ్ మాత్రం పెద్దక్షరం. ల్యాప్‌టాప్ మోడల్, కెర్నల్, గ్రాఫిక్స్, ఆడియో వివరాలన్నీ ఒకేచోట వస్తాయి. చివర ఉన్న జెడ్ మీ సీరియల్ నంబర్ల లాంటివి దాచేస్తుంది, దాన్ని మరవకండి. సౌండ్ విషయమైతే ఆల్సా-ఇన్ఫో నివేదిక కూడా తీయండి. స్క్రీన్ రాక బలవంతంగా ఆపి మళ్లీ లేపితే జర్నల్‌సీటీఎల్ -బి -1 అంతకుముందు బూట్‌లో ఏం జరిగిందో చెబుతుంది. ఫోన్‌తో స్క్రీన్ ఫొటో తీసి పంపకండి, అక్షరాలుగా కాపీ చేసి ఇవ్వండి, అప్పుడే వెతకడానికి వీలవుతుంది.

వీటన్నిటికంటే విలువైనది ఒక్క వాక్యం: ఏ కెర్నల్ అంకె దాకా బాగా పనిచేసింది, ఏ అంకె నుంచి ఆగింది. యూనేమ్ -ఆర్ కొడితే ఇప్పుడు నడుస్తున్న అంకె వస్తుంది. పాత కెర్నల్‌లో ఒకసారి, కొత్తదానిలో ఒకసారి కొట్టి రెండూ రాసుకోండి. ఆ రెండు అంకెలు ఉంటే డెవలపర్లు వాటి మధ్య జరిగిన మార్పుల్లోనే వెతుకుతారు. ఉబుంటులో ఉబుంటు-బగ్ లినక్స్ అని కొట్టి ఆ వాక్యాన్నే మొదటి లైన్‌గా రాయండి.